అత్తా ఒకప్పటి కోడలే: ఎస్టోనియా పార్లమెంటులో ఒక తగువు

నమస్కారమండీ, బాగున్నారా. ఇవాళ మనకి అలవాటు లేని ఊరికి పోదాం, ఎస్టోనియాకి. రష్యా పక్కన, బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది, జనం మొత్తం కలిపితే 13, 14 లక్షలు, అంటే మన హైదరాబాద్‌లో ఓ మూల సర్దేయొచ్చు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మాత్రం ఈ పేరు తెలిసే ఉంటుంది, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఓటేసే దేశం, బయటి దేశాల వాళ్ళకి కూడా ఇ-రెసిడెన్సీ అని డిజిటల్ గుర్తింపు ఇచ్చే దేశం అని. ఆ సంగతులు అందరూ చెప్తారు గానీ నాకు ఇష్టమైంది వాళ్ళ పార్లమెంటులో జరిగే గొడవ.

పార్లమెంటుని వాళ్ళు రీగికోగు అంటారు. టాలిన్ ఊళ్ళో తోంపేయా అని చిన్న గుట్ట, దాని మీద పాత కోట, కోట ముందు భాగం గులాబీ రంగు, ఆ కోటలోనే సభ. పక్కన పిక్ హెర్మన్ అని బురుజు, రోజూ సూర్యోదయానికి జాతీయగీతంతో దాని మీద జెండా ఎగరేస్తారు. మెంబర్లు 101 మంది. మన తెలంగాణ అసెంబ్లీకే 119 ఉన్నారు కదా, ఇది అంతకన్నా చిన్నది. అందుకే అక్కడ ఎవరు ఎవరితో ఎప్పుడు కూర్చున్నారో అందరికీ గుర్తుంటుంది, ఇవాళ్టి కథంతా దాని మీదే.

ఊర్మాస్ రైన్‌సాలు అని ఒకాయన. ఇసామా అనే పార్టీకి అధ్యక్షుడు, ఇప్పుడు ప్రతిపక్షంలో గట్టి నోరు. పన్నులు పెంచారు, ఎన్నికల ముందు ఒక్క మాట చెప్పలేదు, జనాన్ని మోసం చేశారు అని ప్రభుత్వాన్ని దులిపేస్తుంటాడు. బాగానే ఉంది. కానీ 2022 జూలై నుంచి 2023 ఏప్రిల్ దాకా ఈయనే విదేశాంగ మంత్రి, ఎవరి కింద అంటే అప్పటి ప్రధాని కాయా కల్లాస్ కింద! అంటే మొన్నటిదాకా ఒకే టేబుల్ దగ్గర కాఫీ తాగినవాళ్ళే.

అసలు తగువు ఎక్కడ మొదలైందంటే పిల్లల డబ్బు దగ్గర. ముగ్గురి నుంచి ఆరుగురి దాకా పిల్లలున్న కుటుంబానికి అక్కడి ప్రభుత్వం నెలనెలా అలవెన్స్ ఇస్తుంది. 300 యూరోలు ఉండేది, 2023 జనవరి నుంచి 650 చేశారు, అంటే డబల్ కన్నా ఎక్కువ. ఇసామా గవర్నమెంటులో చేరేటప్పుడు పట్టుబట్టి సాధించుకున్నది ఇదే. సరే, మార్చిలో ఎన్నికలొచ్చాయి, కల్లాస్ రిఫార్మ్ పార్టీకి 37 సీట్లు, ఎక్రె అనే పార్టీకి 17, ఇసామాకి 8 అంటే 8. కల్లాస్ కొత్త జట్టు కట్టుకుని వచ్చి ఏం చేసిందంటే ఆ 650ని 450 చేస్తాం అంది, దాంతోపాటు అక్కడ వ్యాట్ 20 నుంచి 22, ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా 20 నుంచి 22 శాతం. ఒక అమ్మ ఆ 650 లెక్కలోకి తీసుకుని ఇంటి లోన్‌కి సంతకం పెట్టేసిందనుకోండి, ఏడాది తిరిగేసరికి 200 పోయాయి, ఆవిడ ఎవరిని అడగాలి?

ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఉక్రెయిన్ యుద్ధం పక్కింట్లో మంటలా ఉంది, రష్యాతో బోర్డర్, రక్షణకి డబ్బు కావాలి, 2022లో ధరలు దాదాపు 20 శాతం పెరిగి జనం, ఖజానా రెండూ కుదేలయ్యాయి. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుడ్డులా ఉండాలి అంటే ఎలా కుదురుతుంది అని వాళ్ళ వాదన. కాదనలేం. కానీ ప్రతిపక్షం అడిగింది వేరే, అవసరం ఉందో లేదో కాదు, మార్చికి ముందు ఎందుకు చెప్పలేదు అని. దానికి మాత్రం సరైన జవాబు రాలేదని నాకనిపిస్తుంది.

ఇంక అక్కణ్ణుంచి చూడాలి తమాషా. ఎక్రె వాళ్ళు 17 మందే, ఓటింగులో గెలవలేరు, అందుకని టైమ్‌ని పట్టుకున్నారు. సవరణలు ఒకటి కాదు రెండు కాదు, వందలు వందలు పెట్టడం, ప్రతి ఓటుకీ ముందు పది నిమిషాల బ్రేక్ అడగడం, అడిగితే ఇవ్వాలి, అది రూలు. అంటే ఊహించుకోండి, స్పీకర్ ఒక సవరణ చదువుతాడు, బ్రేక్, మెంబర్లు బయటికెళ్ళి వస్తారు, బటన్ నొక్కుతారు, ఓడిపోతుంది, మళ్ళీ ఇంకోటి, మళ్ళీ బ్రేక్. ఇలా రాత్రంతా. ఆకాశంలో వెలుగు ఉంటూనే ఉంటుంది అక్కడ వేసవిలో, లోపల మాత్రం కళ్ళు మూతలు పడతా ఉంటాయి.

దానికి కల్లాస్ విరుగుడు వాళ్ళ రాజ్యాంగంలోనే ఉంది. ఒక బిల్లుని విశ్వాసానికి ముడి పెట్టేయొచ్చు, బిల్లు ఓడితే ప్రభుత్వం కూడా పోతుంది, నెగ్గితే ఆ వందల సవరణలు చర్చ లేకుండానే గాలికి పోతాయి. 2023 జూన్‌లో అదే చేశారు, బిల్లులు పాసయ్యాయి. మెజారిటీ ఉన్నవాడికి అడ్డేముంది. కానీ నాకు ఇది నచ్చలేదండీ, బ్రేకులు అడిగి సభని ఆపడం ఒక చేటు, ముడి పెట్టి చర్చనే ఎత్తేయడం ఇంకో చేటు. రెండు వైపులా ఒకరినొకరు ప్రజాస్వామ్యాన్ని పాడు చేస్తున్నారు అనుకున్నారు. గురివింద గింజకి కింద నలుపు కనపడదు కదా, ఎక్రె నాయకుడు మార్టిన్ హెల్మె 2019 నుంచి 2021 జనవరి దాకా ఆర్థిక మంత్రి, ఖజానా తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది.

తర్వాత కారు పన్ను వచ్చింది. ఆటోమాక్స్ అంటారు. అప్పటిదాకా అక్కడ సొంత కారుకి ఏటా పన్ను లేదు, 2025 జనవరి నుంచి మొదలు. ప్రతిపక్షం ఇక్కడ పట్టుకున్న మాట చాలా సూటిగా ఉంది. టాలిన్‌లో ట్రామ్‌లున్నాయి, బస్సులున్నాయి, మీకు కారు సరదా, వోరు వైపు పల్లెలో, సారెమా, హియుమా దీవుల్లో బస్సు కోసం చూస్తే తెల్లారుతుంది, అక్కడ కారు అంటే ఆసుపత్రి, బడి, షాపు అన్నీను. 2024లో సభ పాస్ చేసిన చట్టాన్ని ప్రెసిడెంట్ అలార్ కారిస్ సంతకం పెట్టకుండా తిప్పి పంపేశాడు, వికలాంగుల విషయంలో సమానత్వం లేదని. జూలై చివర్లో వేసవి సెలవుల మధ్యలో మళ్ళీ కూర్చుని, ఆ ముక్క మార్చి పాస్ చేశారు. పన్ను ఆగలేదు. కానీ సభలో ఓడిపోయిన వాదం కోట బయట ఒకసారి గెలిచి వచ్చింది, అదీ కొంచెమేం కాదు.

ఇక్కడో మెలిక. కల్లాస్ యూరోపియన్ యూనియన్ విదేశాంగ పదవికి వెళ్తోందని 2024 జూలైలో క్రిస్టెన్ మిఖల్ ప్రధాని అయ్యాడు. 2025 మార్చిలో ఆయన తన జట్టులోని సోషల్ డెమొక్రాట్లని గవర్నమెంటు నుంచి బయటికి పంపేశాడు. వాళ్ళ నాయకుడు లౌరి లానెమెట్స్ అప్పటిదాకా హోం మంత్రి. ఇంకేముంది, నిన్నటి మంత్రి ఇవాళ ప్రతిపక్షం సీట్లోంచి లేచి, ఈ పన్నులు పేదవాడి మీద పడుతున్నాయి అంటున్నాడు. 2025 జూలై నుంచి వ్యాట్ 24, అది బ్రెడ్డు మీద, పాల మీద కూడా అంతే, అక్కడ తిండికి తక్కువ రేటు లేదు. అటుపక్క 2026 నుంచి అందరికీ నెలకి 700 యూరోల దాకా ఇన్‌కమ్ ట్యాక్స్ లేకుండా చేశారు, ఎక్కువ జీతం వాళ్ళకి ఇంతకుముందు ఈ మినహాయింపు తగ్గుతూ పోయేది, ఇప్పుడు వాళ్ళకే లాభం. కూలివాడు సంచిలో వేసుకునే సరుకు మీద లాగి, పెద్ద జీతగాడికి ఇస్తారా అన్నది విమర్శ. ఆ ప్రశ్న నాకు నచ్చింది. అది అడిగే మనిషే పన్నుల పెంపు మొదలెట్టిన జట్టులో ఉన్నాడనేది కూడా నిజమే, అత్త కూడా ఒకప్పటి కోడలే కదండీ, కాకపోతే వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో కోడలికే బాగా తెలుసు.

అందుకే వాళ్ళ బుధవారం ప్రశ్నల గంట వినసొంపుగా ఉంటుంది. ప్రధాని, మంత్రులు వచ్చి కూర్చుంటారు, చిన్న ప్రశ్న, చిన్న జవాబు, ప్రతి మాటా రికార్డుకెక్కి నెట్‌లో పెట్టేస్తారు. ఎవడైనా రెండేళ్ళ నాటి మాట బయటికి తీసి, మీరే కదా అన్నారు అని ముఖాన కొట్టొచ్చు.

ఇన్‌కమ్ ట్యాక్స్‌ని 2026లో 24కి తీసుకెళ్దామనుకున్న ప్రభుత్వం 2025లోనే వెనక్కి తగ్గింది, 22 దగ్గరే ఆగింది. సర్వేల్లో అప్పటికే పడిపోయారు, 8 సీట్ల ఇసామా పైకి లేచి ముందు కూర్చుంది. 2027 మార్చిలో ఎన్నికలు. రైన్‌సాలు ప్రధాని కుర్చీలో కూర్చున్నాడనుకోండి, ఓ బుధవారం మధ్యాహ్నం ఎదుటి బెంచీలోంచి ఎవరో లేచి, అయ్యా మీరు తెచ్చిన 650 ఎప్పుడు తిరిగిస్తారు అని అడుగుతారు. అడిగేవాళ్ళు రిఫార్మ్ పార్టీ వాళ్ళే అయినా నేను ఆశ్చర్యపోను.

ఉంటానండీ.