ఫ్రీషిప్ రివ్యూ: కార్గో షిప్ తొలి డిజైన్‌కి ఎంతవరకు పనికొస్తుంది?

అందరికీ నమస్తే. ఈరోజు ఫ్రీషిప్ అనే షిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్ చూద్దాం, ఒరిజినల్ వెర్షన్, ఓపెన్ సోర్స్, డబ్బులేం కట్టక్కర్లేదు.

హల్, అంటే ఓడ బాడీ, గీసుకోడానికైతే నాకు చాలా నచ్చింది. ఇదిగో ముందు భాగంలో ఈ పాయింట్ పట్టుకుని కొంచెం బయటికి లాగుతున్నా చూడండి, చుట్టుపక్కల సర్ఫేస్ అంతా నున్నగా దాంతోపాటే కదుల్తోంది, ఇటు డిస్‌ప్లేస్‌మెంట్ (ఓడ పక్కకి తోసే నీటి బరువు), బ్లాక్ కోఎఫిషియెంట్ (నీటిలో మునిగిన భాగం దాని చుట్టూ గీసిన పెట్టెలో ఎంత వంతు నింపుతుందో) వెంటనే తీసుకోవచ్చు. బొగ్గు, ధాన్యం లాంటి విడి సరుకు మోసే బల్క్ క్యారియర్‌కి ఈ కోఎఫిషియెంట్ 0.8 పైన ఉంటుంది, కంటైనర్ షిప్‌కి 0.6, 0.7 మధ్యలో, కాబట్టి మీ హల్ దారిలో ఉందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

కానీ రెసిస్టెన్స్, అంటే ఓడ కదలికని నీరు ఎంత అడ్డుకుంటుందో, ఆ లెక్క దగ్గర జాగ్రత్త. ఇందులో ఇచ్చినవి యాట్‌లకి, కయాక్‌లకి పనికొచ్చే మెథడ్స్, కార్గో షిప్ పెట్టినా ఏదో ఒక నంబర్ వచ్చేస్తుంది, దాన్ని నమ్మి ఇంజిన్ సైజ్ చేశారో అంతే సంగతులు. డైమెన్షన్స్ బయటికి తీసి స్ప్రెడ్‌షీట్‌లో హోల్‌ట్రాప్-మెన్నెన్ అనే రెసిస్టెన్స్ లెక్కకట్టే మెథడ్ వాడండి. 1982 నాటిదే అయినా, ఎన్నో మోడల్ టెస్టుల డేటా నుంచి తీసిన ఫార్ములాలు, ఇప్పటికీ గట్టిగా నిలబడ్డాయి. బల్బ్ (ఓడ ముందు కింద ఉబ్బెత్తుగా ఉండే భాగం) ఏరియా, దాని సెంటర్ ఎత్తు తీసుకుంటుంది గానీ మిగతా షేప్ చూడదు, అదే ఏరియా, అదే ఎత్తుతో రెండు వేరే బల్బులు గీసినా ఆన్సర్ ఒకటే, ఆ తేడా కావాలంటే సీఎఫ్‌డీకి, అంటే నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసే పద్ధతికి, వెళ్లాల్సిందే.

మరి మొదట్నుంచే సీఎఫ్‌డీ ఎందుకు కాదు అంటారా? అసలు పొడవు, వెడల్పు, స్పీడే తేలకముందు ఒక్కో రన్‌కి గంటలు గంటలు పోస్తే ఎన్ని ఆప్షన్లు చూడగలం చెప్పండి. పవర్ దాదాపు స్పీడ్ క్యూబ్‌తో పెరుగుతుంది కదా, 14 నాట్స్ నుంచి 12కి దిగితే సుమారు 37 శాతం తగ్గుతుంది, ప్రయాణం లేటవుతుంది కాబట్టి ట్రిప్‌కి ఫ్యూయెల్ ఆదా 26 శాతం దాకా. ఇంత పెద్ద నిర్ణయం షీట్‌లో నిమిషంలో కనిపిస్తుంది.

ఒకే స్పీడ్‌కి మాత్రం ఆప్టిమైజ్ చెయ్యొద్దు, ప్లీజ్. 2008 తర్వాత స్లో స్టీమింగ్ (ఫ్యూయెల్ ఆదా కోసం ఓడల్ని నెమ్మదిగా నడపడం) వచ్చాక, ఫాస్ట్‌గా వెళ్లడానికి కట్టిన కంటైనర్ షిప్‌లు చాలావాటికి బల్బులు కోసేసి కొత్తవి పెట్టాల్సొచ్చింది. లోడెడ్ (సరుకుతో), బ్యాలస్ట్ (సరుకు లేకుండా, బరువు కోసం నీళ్లు నింపుకుని) రెండు డ్రాఫ్టులూ, అంటే ఓడ నీటిలో మునిగే లోతులూ, కనీసం మూడు స్పీడులూ పెట్టి చూడండి.

నెక్స్ట్ వీడియోలో కేసీఎస్ (క్రిసో కంటైనర్ షిప్) హల్ తీసుకుంటా, కొరియాలో డిజైన్ చేసిన 230 మీటర్ల కంటైనర్ షిప్, ఫుల్ సైజులో ఎవరూ కట్టలేదు గానీ మోడల్ టెస్ట్ డేటా అందరికీ దొరుకుతుంది, మన షీట్ ఆ డేటాకి ఎంత దగ్గరగా వస్తుందో చూద్దాం.