తాడు విప్పే ముందు ఇంజన్

(సోమశిల రేవులో లాంచీ, ఇంజన్ పడవల డ్రైవర్ల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఇక్కడి నుంచి అవతలి ఒడ్డున సిద్ధేశ్వరానికి, సంగమేశ్వరానికి జనాన్ని దాటించేది మీరే. శ్రీశైలం దాకా పోయే లాంచీ మీద పనిచేసేవాళ్లూ ఉన్నారు. కృష్ణా నది సంగతి మీకు నేను చెప్పేదేం లేదు. నేను చెప్పేదల్లా తాడు విప్పే ముందు పది నిమిషాల గురించి. రోడ్డు మీద బండి మొరాయిస్తే పక్కకు తోసుకోవచ్చు. నడి నీళ్లలో ఇంజన్ ఆగిందంటే చుక్కాని కూడా పనిచేయదు. పడవ కదులుతుంటేనే దానికి పట్టు. ఇక గాలి ఎటు నెడితే అటు పోవాల్సిందే. అందుకే ఇంజన్ నమ్మకమైనదో కాదో ఒడ్డునే తేల్చుకోవాలి.

ముందుగా ఇంజన్ మీది మూత ఎత్తి వాసన చూడండి. లోపల బిగించిన పెట్రోల్ ఇంజన్ అయితే ఇది ప్రాణాలతో పని. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, పడవ అడుగున చేరుతుంది. సెల్ఫ్ దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్, అదే బ్లోయర్‌ను, కనీసం నాలుగు నిమిషాలు నడపండి. అప్పటికీ వాసన వస్తుంటే తాళం చెవి ముట్టుకోవద్దు. డీజిల్‌తో అంత ముప్పు లేదు గానీ, అడుగు నీళ్ల మీద డీజిల్ తేలుతుంటే ఎక్కడ కారుతుందో దొరికేదాకా కదలొద్దు. లుంగీ పైకి బిగించి కట్టండి, మెడలో తువ్వాల తీసేయండి. తిరిగే షాఫ్ట్ బట్టను పట్టిందంటే వదలదు.

ఆయిల్ కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తుడిచి, మళ్లీ పెట్టి చూడండి. ఆయిల్ పాల టీ రంగుకు తిరిగిందంటే అందులో నీళ్లు కలిసినట్టు. ఆ రోజు ట్రిప్పు లేదు, అంతే.

ఇక నీళ్ల దారి. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా. రేడియేటర్ ఉన్న ఇంజన్ అయితే చల్లగా ఉన్నప్పుడే మూత తీసి నీళ్లు చూసుకోండి, వేడి మీద ఆ మూత జోలికి పోవద్దు. నది నీళ్లనే లోపలికి లాక్కొని చల్లబడే ఇంజన్లకు మాత్రం మన దగ్గర రెండు కష్టకాలాలు. వరద మొదలైతే ఎర్రమట్టి నీళ్లు వస్తాయి, ఆ ఒండ్రు పంపును అరగదీస్తుంది. ఎండాకాలం శ్రీశైలం డ్యాంలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో రేవు దగ్గర లోతు ఉండదు, బురద, నాచు పైపులోకి వస్తాయి. నది నీళ్లు లోపలికి వచ్చే వాల్వ్ తెరిచి ఉందా, చెత్తను ఆపే జాలీ శుభ్రంగా ఉందా అని రోజూ చూడాల్సిందే. పంపులో తిరుగుతూ నీళ్లు తోసే రెక్కల చక్రం, అదే ఇంపెల్లర్, రబ్బరుది. దానికి నీళ్లే తడి, నీళ్లే చలువ. నీళ్లు లేకుండా తిరిగితే చూస్తుండగానే రెక్కలు కాలి తెగిపోతాయి. కొత్తది వేసినా ఇంజన్ వేడెక్కుతుంటే, తెగిన ముక్కలు ముందుకు పోయి ఎక్కడో అడ్డం పడి ఉంటాయి. పాతది తీసినప్పుడు రెక్కలు లెక్కపెట్టండి. ఎన్ని తగ్గాయో అన్ని ముక్కలూ వెతికి తీయాలి.

గేర్ న్యూట్రల్‌లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. వెనక తగిలించే అవుట్‌బోర్డ్ అయితే కిల్ స్విచ్ తాడు, అంటే మనిషి పడితే ఇంజన్‌ను ఆపేసే తాడు, ఒంటికి తగిలించుకున్నాకే. పది సెకన్లలో అందుకోకపోతే వదిలేసి, సెల్ఫ్ మోటార్ చల్లారనిచ్చి మళ్లీ ప్రయత్నించండి. సైలెన్సర్‌లోకి నీళ్లు వదిలే ఇంజన్‌లో ఇంకో ప్రమాదం ఉంది. ఇంజన్ అందుకోకుండా తిరిగినంతసేపూ పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి నెట్టే పొగ ఉండదు. ఆ నీళ్లు వెనక్కి తన్ని సిలిండర్లోకి పోతాయి. నాలుగైదు సార్లు కొట్టాల్సి వస్తే నీళ్ల వాల్వ్ మూసి కొట్టండి, అందుకోగానే తెరవండి.

స్టార్ట్ అయ్యాక ఎక్సలేటర్ జోలికి పోవద్దు. ఆయిల్ ప్రెజర్ పది సెకన్లలో లేవాలి, లేవకపోతే వెంటనే ఆపేయాలి. తర్వాత వెనక్కి వంగి పొగ గొట్టం చూడండి, సైలెన్సర్‌లోకి నీళ్లు వదిలే ఇంజన్ అయితే నీళ్లు ఉమ్ముతున్నట్టు పడుతుండాలి. చలికాలం పొద్దున కాసేపు తెల్ల పొగ రావడం మామూలే. వేడెక్కినా తగ్గకపోతే, లేదా నీలం పొగ వస్తుంటే చూపించాలి. నీలం అంటే ఆయిల్ కాలుతోంది.

వేడి చేయడమంటే రేస్ ఇవ్వడం అని కొందరి అలవాటు. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో దాకా చేరడానికి టైం పడుతుంది. అప్పుడే గట్టిగా తిప్పితే బేరింగులు ఆయిల్ అందకుండానే రాసుకుంటాయి. అలాగని అరగంట ఐడిల్‌లో ఉంచడమూ తప్పే. బరువు లేకుండా అంతసేపు తిరిగితే డీజిల్ సరిగా కాలక మసి పేరుకుంటుంది. మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత తాళ్లు కట్టి ఉండగానే గేర్ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి వేసి పడవ లాగుతుందో లేదో చూడండి. అప్పుడు జనాన్ని ఎక్కించి, లైఫ్ జాకెట్లు వేయించి, తాడు విప్పండి. టెంపరేచర్ ముల్లు లేచేదాకా మెల్లగానే నడపండి.

పండగ రోజుల్లో జనం తొందర పెడతారు, ఓనర్ ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. ఆ టెన్షన్ నాకు తెలుసు. ఓనర్లు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి వాళ్లనే అడుగుతున్నా: ఈ పది నిమిషాలను ట్రిప్పు టైంలోనే కలపండి, ప్రతి పడవలో ఒక స్పేర్ ఇంపెల్లర్ ఉంచండి.

ఇప్పుడు కింద లాంచీలో పంపు విప్పి చూపిస్తా. నలుగురు నలుగురుగా రండి, అందరూ ఒకే పక్కకు ఎక్కొద్దు.