గ్రూడెన్ వస్తున్నాడట!

అందరికీ నమస్కారం.

ఇవాళ అమెరికన్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడతాను అనగానే వెనక వరసలో ఒకరిద్దరు పెద్దవాళ్లు తలుపు వైపు చూశారు. కంగారు పడకండి, ఆట నియమాల జోలికి పోను. మైదానం బయట జరిగే ఆట గురించి చెబుతాను. మీ పిల్లలు ఇక్కడి పెద్ద యూనివర్సిటీల్లో చదువుతుంటే మీరూ చూసే ఉంటారు. థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చిన కుర్రాడు అన్నం తింటూనే ఫోన్లో ఏదో ప్రైవేటు విమానం ఎక్కడ దిగిందో వెతుకుతుంటాడు. ఏమిట్రా అది అంటే, "కొత్త కోచ్ అందులో ఉన్నాడట నాన్నా" అంటాడు. ఆ కోచ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లో, పేరు మోసినవాడై ఉంటాడు. చాలాసార్లు ఆ విమానంలో ఎవరూ ఉండరు.

ఈ పిచ్చి బాగా ముదిరిన ఊరు నాక్స్‌విల్. టెనెసీ యూనివర్సిటీ ఉన్న చోటు. ఊరి జనాభా రెండు లక్షల దరిదాపు. అక్కడి నేలండ్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. టెనెసీ రాష్ట్రంలోకి ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ అడుగుపెట్టిందే 1997లో. అంతకు ముందు తరాలకి శనివారం కాలేజీ మ్యాచే ఫుట్‌బాల్. 1998లో ఈ టీమ్ జాతీయ చాంపియన్ అయింది. అప్పటి కోచ్ ఫిలిప్ ఫుల్మర్‌ని పదేళ్ల తర్వాత, 2008లో, సాగనంపారు. కష్టాలన్నీ అక్కడి నుంచే.

ఫుల్మర్ తర్వాత వచ్చింది లేన్ కిఫిన్. ఇతను అంతకు ముందు ఓక్లండ్ రైడర్స్ కోచ్. అంటే ప్రొఫెషనల్ కోచ్ కావాలన్న ముచ్చట నాక్స్‌విల్‌కి ఒకసారి తీరింది. ఒక్క సీజన్ ఆడించి, 2010 జనవరిలో కాలిఫోర్నియాలోని యూఎస్‌సీ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆ రాత్రి విద్యార్థులు క్యాంపస్‌లో పరుపులు తగలబెట్టారు. తర్వాత డెరెక్ డూలీ వచ్చాడు, 2012 నవంబర్‌లో పోయాడు. సరిగ్గా అప్పుడు గ్రూడెన్ పేరు మొదలైంది.

జాన్ గ్రూడెన్ 2003 జనవరిలో టాంపా బే టీమ్‌కి సూపర్ బౌల్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్, గెలిపించాడు. 2008 సీజన్ అయ్యాక వాళ్లే తీసేశారు. ఆ తర్వాత ఈఎస్‌పీఎన్ క్రీడల చానెల్లో సోమవారం రాత్రి మ్యాచ్‌లకి వ్యాఖ్యాత. ఖాళీగా ఉన్న పెద్ద కోచ్ అన్నమాట. నాక్స్‌విల్ వాళ్లకి మాత్రం ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. 1980ల్లో కుర్రవాడిగా ఆయన పని నేర్చుకున్నది ఇదే టీమ్‌లో. పెళ్లి చేసుకున్నది ఇదే యూనివర్సిటీ చీర్‌లీడర్‌ని. ఇంకేం కావాలి? మన ఊరి అల్లుడు! అల్లుడు రాకుండా ఎక్కడికి పోతాడు, పెట్టుపోతలు చూసుకుంటే చాలు అనుకున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని క్లీవ్‌లండ్ బ్రౌన్స్ టీమ్‌ని అప్పుడే కొన్న హాస్లం కుటుంబం టెనెసీ వాళ్లది, యూనివర్సిటీకి పెద్ద దాతలు. కోచ్‌గా వస్తే అల్లుడికి ఆ టీమ్‌లో వాటా కూడా ఇస్తారట అని వదంతి లేచింది. ఆయన రాలేదు. బుచ్ జోన్స్ వచ్చాడు. అయిదేళ్ల తర్వాత జోన్స్‌నీ తీసేశారు. మళ్లీ గ్రూడెన్ వస్తున్నాడట!

ఈ వదంతులు అంతగా బతకడానికి క్యాలెండర్ కూడా ఒక కారణం. కాలేజీ రెగ్యులర్ సీజన్ నవంబర్ చివరికి అయిపోతుంది. కోచ్‌ల ఉద్యోగాలు ఊడేది అప్పుడే. 2017 నుంచి హైస్కూల్ ఆటగాళ్లు కాలేజీలతో ఒప్పందాల మీద డిసెంబర్‌లోనే సంతకాలు చేయడం మొదలైంది, కాబట్టి కొత్తవాణ్ణి వారాల్లో వెతికి పట్టుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ రెగ్యులర్ సీజన్ చూస్తే కొత్త సంవత్సరం దాకా సాగుతుంది. పనిలో ఉన్న ప్రొఫెషనల్ కోచ్ ఆ లోపల అవునని చెప్పలేడు. కాదంటే ఎవరూ నమ్మరు. ఎందుకు నమ్ముతారు? 2006 డిసెంబర్ 21న మయామీ డాల్ఫిన్స్ కోచ్ నిక్ సాబన్ విలేకరుల ముందు, అలబామా యూనివర్సిటీకి కోచ్‌గా వెళ్లేది లేదని కుండబద్దలు కొట్టి చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండానే, జనవరి 3న, ఎనిమిదేళ్లకి 3.2 కోట్ల డాలర్ల ఒప్పందంతో ఆ యూనివర్సిటీ ఉన్న టస్కలూసా విమానాశ్రయంలో దిగాడు. అక్కడ జనం ఆయన కోసం కాచుకుని ఉన్నారు. ఆ రోజు నుంచీ ఏ కోచ్ "రాను" అన్నా అభిమాని చెవికి "వస్తాను" అనే వినిపిస్తోంది. పైగా ఏ ఏజెంటూ ఇలాంటి వదంతిని తొందరపడి ఖండించడు. రేటు పెరుగుతుంటే ఆపడమెందుకు?

2017 నవంబర్ 26, ఆదివారం. టెనెసీ టీమ్ అప్పుడే తన చరిత్రలో మొదటిసారి ఒక సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు ఓడింది. గ్రెగ్ షియానోతో ఒప్పందం కుదిరిందని మధ్యాహ్నం వార్త. ఈయనా ఒకప్పుడు టాంపా బే కోచే. అయినా అభిమానులు భగ్గుమన్నారు. అంతకు చాలా ముందు షియానో పెన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేశాడు. అక్కడి పిల్లలపై లైంగిక దాడుల కేసులో ఒక సాక్షి, ఇంకొకరు చెప్పగా విన్నానంటూ, ఆ దారుణం గురించి షియానోకి తెలుసన్నట్టు వాంగ్మూలం ఇచ్చాడు. షియానో దాన్ని ఖండించాడు, ఎక్కడా రుజువు కాలేదు. క్యాంపస్‌లో విద్యార్థులు రంగులు పూసే ఒక పెద్ద బండ ఉంది. దాని మీద ఆ ఆరోపణనే రుజువైన నేరంలా రాసేశారు. రాష్ట్ర శాసనసభ్యులు కూడా గొంతు కలిపారు. రాత్రయ్యేసరికి యూనివర్సిటీ వెనక్కి తగ్గింది.

ఆ కోపంలో నిజాయితీ ఎంత? కొందరిది నిజమైన బాధే, కాదనను. కానీ అదే వాంగ్మూలంలో అదే ఆరోపణతో గ్రూడెన్ పేరు ఉండి ఉంటే ఆ బండ మీద ఏం రాసేవారు? వచ్చినవాడు అల్లుడు కాదు, అసలు కోపం అక్కడుంది అని నా అనుమానం.

ఈ కథ నాకు ఆసక్తిగా ఉండేది ఇందుకే. వేలమంది అయిదేళ్లపాటు కోరుకున్నా ఒక కోచ్‌ని రప్పించలేకపోయారు. వద్దనుకున్నవాణ్ణి ఒక్క పూటలో ఆపేశారు. అభిమానులకున్న బలం ఆ ఒక్క దిక్కుకే. ఆపాక అయిన ఖర్చు చూడండి. యూనివర్సిటీ క్రీడలన్నీ చూసే అథ్లెటిక్ డైరెక్టర్ జాన్ కరీ పదవి అయిదు రోజుల్లో పోయింది. సాగనంపిన ఫుల్మర్‌నే పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన ఏరికోరి తెచ్చిన జెరెమీ ప్రూయిట్‌ని, ఆటగాళ్లని చేర్చుకోవడంలో నిబంధనలు తుంగలో తొక్కినందుకు 2021 జనవరిలో తీసేశారు. యూనివర్సిటీకి 80 లక్షల డాలర్లకు పైగా జరిమానా పడింది. ఇంతకీ గ్రూడెన్? 2018 జనవరిలో రైడర్స్‌తో పదేళ్లకి దాదాపు పది కోట్ల డాలర్ల ఒప్పందమని వార్తలు. 2021 అక్టోబర్‌లో, పాత ఈమెయిళ్లలో రాసిన అసహ్యమైన మాటలు బయటపడి రాజీనామా చేశాడు.

మరి మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు జిమ్ హార్బాని రప్పించుకోలేదా అని అడుగుతారు. హార్బా ఆ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో పెరిగినవాడు, తండ్రి అక్కడే అసిస్టెంట్ కోచ్, తను అక్కడే క్వార్టర్‌బ్యాక్. 2011లో అభిమానులు రమ్మని ఎంత మొత్తుకున్నా శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్‌కి వెళ్లాడు. 2014 డిసెంబర్ చివర్లో వచ్చాడు. ఈ మధ్యలో అభిమానుల ప్రేమ ఏమీ పెరగలేదు. 49ఎర్స్ యాజమాన్యంతో చెడింది, అంతే. వచ్చాక కూడా చిరకాల ప్రత్యర్థి ఓహాయో స్టేట్‌తో తొలి అయిదు మ్యాచ్‌లూ ఓడాడు. 2020లో రెండు గెలుపులు, నాలుగు ఓటములు, ఆపైన జీతంలో కోత. ఒకప్పుడు దేవుడన్నవాళ్లే పొమ్మన్నారు. 2021 నుంచి దశ తిరిగింది. 2024 జనవరి 8న జాతీయ టైటిల్ గెలిచాడు. ఆ నెల దాటకుండానే చార్జర్స్‌కి, మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు.

అభిమానులు ఎక్కువగా పట్టించుకోనిది ఇంకోటుంది. సాబన్ మయామీకి వెళ్లక ముందే లూసియానా స్టేట్ యూనివర్సిటీలో కాలేజీ టైటిల్ గెలిచాడు. హార్బా 49ఎర్స్‌కి వెళ్లక ముందే స్టాన్‌ఫర్డ్‌ని నిలబెట్టాడు. వీళ్లిద్దరూ కాలేజీ పని తెలిసి తిరిగొచ్చినవాళ్లు. ఆ పని వేరు. ప్రొఫెషనల్ టీమ్‌కి ఆటగాళ్లు డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతిలో, వస్తారు. కాలేజీ కోచ్ పదిహేడేళ్ల కుర్రాడి ఇంటికెళ్లి, సోఫాలో కూర్చుని, వాళ్లమ్మని ఒప్పించాలి. మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన బిల్ వాల్ష్ 1992లో స్టాన్‌ఫర్డ్‌కి రెండోసారి వస్తే మొదటి ఏడాది పది గెలుపులు, తర్వాత నాలుగు, ఆ తర్వాత మూడు. హెడ్ కోచ్‌గా ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన బిల్ బెలిచిక్ కాలేజీలో ఎప్పుడూ కోచ్‌గా చేయలేదు. 2024 డిసెంబర్‌లో, డెబ్భై రెండేళ్ల వయసులో, ఏడాదికి కోటి డాలర్లతో నార్త్ కరోలినాకి వచ్చాడు. తండ్రి 1950ల్లో అక్కడ అసిస్టెంట్‌గా చేశాడు, కాబట్టి ఈయనా ఇంటివాడే అన్నారు. మొదటి మ్యాచ్‌లో టీసీయూ అనే యూనివర్సిటీ టీమ్ చేతిలో 48-14 స్కోరుతో చిత్తు. ఆ సీజన్ నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములు.

నా లెక్క తప్పించే మనిషి ఒకడున్నాడు, పీట్ కారల్. రెండు ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు తీసేసినవాడు, కాలేజీలో హెడ్ కోచ్‌గా అనుభవం లేదు. 2000 డిసెంబర్‌లో యూఎస్‌సీ ఆయన్ని తీసుకుంటే అభిమానులు తిట్టిపోశారు. కొన్నేళ్లలోనే దేశంలో ఆ టీమ్‌కి ఎదురు లేకుండా పోయింది, ఆ తర్వాత కాలేజీ ఆటలని నడిపే ఎన్‌సీఏఏ శిక్షలూ పడ్డాయనుకోండి. 2010లో ఆయన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని సియాటిల్‌కి వెళ్లిపోతే ఖాళీ అయిన కుర్చీలోకే నాక్స్‌విల్ నుంచి కిఫిన్ పరుగెత్తింది.

ప్రూయిట్ పోయాక టెనెసీకి సెంట్రల్ ఫ్లోరిడా నుంచి జాష్ హైపల్ వచ్చాడు. కొత్త అథ్లెటిక్ డైరెక్టర్ కూడా అక్కడివాడే. పాత చోటి మనిషినే వెంట తెచ్చుకున్నాడని గొణిగారు. ఆ విమానం కోసం ఫోన్లు పట్టుకుని కూర్చున్నవాళ్లు ఎంతమంది ఉంటారో! 2022 అక్టోబర్ 15న అదే హైపల్ టీమ్ 52-49 స్కోరుతో అలబామాని ఓడించింది. సాబన్ వచ్చినప్పటి నుంచి, అంటే 2007 నుంచి, వరసగా 15 సార్లు ఓడాక. జనం మైదానంలోకి దూకి గోల్‌పోస్టులు పీకి, మోసుకెళ్లి టెనెసీ నదిలో పారేశారు. టెనెసీ ఆడే కాలేజీల లీగ్ లక్ష డాలర్ల జరిమానా వేసింది. వచ్చే వారం మ్యాచ్‌కి కొత్త పోస్టులు కావాలి, చందాలివ్వండని యూనివర్సిటీ అడిగితే, వాళ్లే సంతోషంగా ఇచ్చారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. నమస్కారం.