మోటారు తర్వాత కొనండి, ముందు ఛాసిస్ కట్టండి

అందరికీ నమస్కారం. రిమోట్‌తో నడిచే లారీ ఇంట్లోనే చేయాలనుకునేవాళ్లు చాలామంది ముందు కోఠీ గుజరాతీ గల్లీకి పరిగెడతారు. మోటారు, బ్యాటరీ, రిమోట్ సెట్టు కొనేసి, ఆ తర్వాత వాటిని దేనికి బిగించాలా అని ఆలోచిస్తారు. నేను చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. మోటారు అన్నిటికంటే చివర కొనాల్సిన వస్తువు. ఎందుకంటే చక్రం ఎంత, బండి బరువు ఎంత అనేది తేలకుండా ఏ మోటారు కావాలో ఎవరూ చెప్పలేరు. ఆ రెండూ తేల్చేది ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం.

లెక్కతో మొదలుపెడదాం. లారీ మోడళ్లకు ఎక్కువమంది వాడే కొలత పద్నాలుగో వంతు. మన రోడ్ల మీద లారీలకు ఛాసిస్ పట్టీల మధ్య వెడల్పు సుమారు 860 మిల్లీమీటర్లు ఉంటుంది, పద్నాలుగుతో భాగిస్తే 61. ఇరుసుల మధ్య దూరం 4200 అనుకుంటే 300. టైరు ఎత్తు ఒక మీటరుకు కాస్త ఎక్కువ, మనకు 75. ఇంతవరకు అందరూ చేస్తారు. బరువు దగ్గరికొచ్చేసరికి మాత్రం పప్పులో కాలేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ పద్నాలుగో వంతే కాబట్టి, బరువును 14ను మూడుసార్లు గుణించగా వచ్చే 2744తో భాగించాలి. మన దేశంలో రెండిరుసుల లారీ సరుకుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువును 2018లో 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. దాన్ని 2744తో భాగిస్తే 6.7 కిలోలు. అంటే ఫుల్ లోడుతో మన లారీ ఏడు కిలోల లోపే. ఖాళీగా అయితే రెండు, మూడు కిలోలు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పనిపడుతుంది.

సామానుకి రాణిగంజ్ వెళ్తే బోల్టులు, బేరింగులు, డ్రిల్ బిట్లు అన్నీ ఒకే రోడ్డు మీద దొరుకుతాయి. అల్యూమినియం ఛానెల్ మాత్రం అక్కడిదాకా వెళ్లి కొనక్కర్లేదు. మీ గల్లీలో కిటికీలు చేసే అల్యూమినియం షాపు ఉంటుంది కదా, అక్కడ మూల పడేసిన ముక్కల్లో 20 మిల్లీమీటర్ల ఎత్తు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్నది ఏరుకోండి. తూకానికి ఇస్తారు. పనిముట్లు హాక్సా, ఆకురాయి, సెంటర్ పంచ్, మూలమట్టం, స్టీలు స్కేలు, చేతి డ్రిల్లు, చిన్న వైస్. రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ ఉంది కదా, లేజర్ కటింగ్ చేయించుకుంటే పోలా అని మీరు అడగొచ్చు. చేయించుకోండి, తప్పు లేదు. కాకపోతే మొదటి ఛాసిస్ చేత్తోనే కోయమంటాను. ఎక్కడ ఎంత తేడా పడితే బండి ఎలా ప్రవర్తిస్తుందో చేత్తో కోసినవాడికే తెలుస్తుంది.

పల్చటి అల్యూమినియానికి హాక్సా బ్లేడు అంగుళానికి 32 పళ్లది వాడండి. పళ్లు ముందుకు చూడాలి. పళ్ల మధ్య అల్యూమినియం పొడి ఇరుక్కుంటే కోత ఆగిపోతుంది, అప్పుడు ఒక చుక్క కిరోసిన్ వేయాలి. కిరోసిన్ ఇప్పుడు దొరకడమే గగనం కాబట్టి డబ్ల్యూడీ-40 చాలు.

ఇప్పుడు అసలు పని. ఖరీదైన మిషన్ లేకుండా రెండు పట్టీలకూ రంధ్రాలు ఒకే చోట పడాలంటే ఒకటే మార్గం. రెండు ఛానెళ్లను వీపు వీపు కలిపి వైస్‌లో బిగించి, రెండిటికీ కలిపి ఒకేసారి డ్రిల్ చేయాలి. గుర్తు పెట్టడానికి మార్కర్ గీత పనికిరాదు, ఆ గీతే ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. మార్కర్‌తో రంగు పూసి, దాని మీద సూదిమొనతో గీరండి. రెండు గీతలు కలిసిన చోట సెంటర్ పంచ్ పెట్టి ఒక్క దెబ్బ. ముందు 2 మిల్లీమీటర్ల బిట్టు, తర్వాత 3.2. మొదటి రంధ్రం పడగానే అందులో ఎం3 (3 మిల్లీమీటర్ల) బోల్టు దూర్చి బిగించేయాలి. తర్వాత రెండో చివర రంధ్రం, దానిలోనూ బోల్టు. ఇక పట్టీలు కదలవు, మధ్యలోవి నింపాదిగా వేసుకోవచ్చు. ఈ ఒక్క పద్ధతి పాటిస్తే స్కేలు కొలతలో అరమిల్లీమీటరు తప్పినా బండికి తెలియదు, ఎందుకంటే తప్పు రెండు వైపులా ఒకేలా పడింది.

విప్పి, మధ్యలో అడ్డపట్టీలు వేసి, బోల్టులు వదులుగానే ఉంచండి. దాన్ని తీసుకెళ్లి వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టండి. హైదరాబాద్ ఇళ్లలో అంతకంటే చదునైన చోటు దొరకదు (గట్టు మీద ఇనుము పెట్టినందుకు ఇంట్లో పడే అక్షింతలు మీవి). నాలుగు మూలల కిందా కాగితం ముక్క దూర్చి చూడండి. ఒక మూల కాగితం సులువుగా జారితే అక్కడ ఛాసిస్ లేచి ఉంది. తర్వాత మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానం అయ్యేదాకా చేత్తో సర్ది, అప్పుడు నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి, అదురుకు వదులవనివి) బిగించండి. బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ గారి సుధా కార్స్ మ్యూజియం చూసే ఉంటారు. బూటు ఆకారం, బ్యాటు ఆకారం, హ్యాండ్‌బ్యాగ్ ఆకారం, ఏదైనా అక్కడ కారై నడుస్తుంది. మనం ఆకారం చూసి నవ్వుకుని వచ్చేస్తాం గానీ, వాటి కింద కూడా తిన్నగా నిలబడ్డ ఛాసిస్ లేకపోతే అవి ఒక్క గజం కదలవు.

ఇక కమాన్ కట్టల సంగతి, అంటే ఇరుసుల మీద బండిని మోసే స్ప్రింగు పట్టీల కట్టలు. పార్సిళ్లకు చుట్టే ఇనప పట్టీ దీనికి చక్కగా పనికొస్తుంది. కొంతమంది విరిగిన హాక్సా బ్లేడు వాడతారు. దానికి స్ప్రింగు గుణం ఉంది గానీ రంధ్రం వేయబోతే పుటుక్కున విరుగుతుంది. చివరను గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచకుండా నెమ్మదిగా చల్లారనిస్తే ఆ చివర మెత్తబడి డ్రిల్లుకి లొంగుతుంది. ఇక్కడే ఆ బరువు అంకె పనికొస్తుంది. అసలు లారీకి పది పట్టీలున్నాయి కదా అని మనమూ పది ఇనప పట్టీలు పేరిస్తే, రెండు కిలోల బండికి ఆ కట్ట వంగనే వంగదు. గతుకు మీద ఒక చక్రం గాల్లో లేస్తుంది, లాగే చక్రమే లేచిందంటే బండి అక్కడే ఆగుతుంది. పైన ఒకటో రెండో ఇనప పట్టీలు పెట్టి, మిగతావి పాత ప్లాస్టిక్ డబ్బా నుంచి కోసి నల్లరంగు వేయండి. చూడటానికి లారీ, పనికి తేలిక.

ముందు ఇరుసులో అందరూ తడబడేది తిప్పే చేతుల (చక్రాన్ని పక్కకు తిప్పే చిన్న పట్టీల) కోణం దగ్గర. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలో తిరుగుతుంది, బయటిది పెద్ద వృత్తంలో. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఒక టైరు ఈడ్చుకుంటూ వస్తుంది. దీనికి ఉపాయం జర్మనీలో లాంకెన్‌స్పెర్గర్ అనే బండ్ల తయారీదారు కనిపెడితే, 1818లో ఇంగ్లాండులో ఆకర్‌మాన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. కష్టపడ్డది ఒకరు, పేరు నిలిచింది ఇంకొకరిది. మనం చేయాల్సింది ఇంతే: కాగితం మీద పూర్తి సైజులో ఛాసిస్ గీసి, రెండు కింగ్‌పిన్నుల (ముందు చక్రాలు పక్కకు తిరిగే నిలువు పిన్నుల) నుంచి వెనక ఇరుసు మధ్య బిందువుకు గీతలు లాగండి. తిప్పే చేతులు ఆ గీతల మీదే ఉండాలి. రెండిటినీ కలిపే కడ్డీకి సైకిల్ స్పోకు వాడండి. స్పోకు మధ్యలో చిన్న వంపు పెడితే, పట్టకారుతో ఆ వంపును నొక్కినప్పుడు కడ్డీ పొట్టిదవుతుంది, విప్పినప్పుడు పొడుగవుతుంది. చక్రాల వంకర ఇలా రెండు నిమిషాల్లో సరిచేయొచ్చు.

వెనక డిఫరెన్షియల్, అంటే మలుపులో రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, చేత్తో చేయడానికి దిగకండి. మొదటి బండికి ఒక వైపు చక్రాన్నే ఇరుసుకి బిగించి, రెండో వైపుది బేరింగ్ మీద స్వేచ్ఛగా వదిలేస్తే మలుపులో గొడవ ఉండదు. 5 మిల్లీమీటర్ల కడ్డీకి 625 నంబరు బేరింగ్ అడగండి.

మోటారు పెట్టకముందే ఒక పరీక్ష. పలకను కాస్త వాలుగా పెట్టి ఛాసిస్‌ను పైనుంచి వదలండి. తిన్నగా దిగాలి. పక్కకు లాగుతుంటే కింగ్‌పిన్ను నుంచి వెనక ఇరుసుకు రెండు వైపులా దూరం కొలవండి, నూటికి తొంభైసార్లు తేడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మోటారు లెక్క నోటికే వస్తుంది. 75 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు 236 మిల్లీమీటర్లు పోతుంది. నిమిషానికి 200 చుట్లు తిరిగితే గంటకు 2.8 కిలోమీటర్లు. పద్నాలుగుతో గుణిస్తే అసలు లారీ గంటకు 40 వెళ్తున్నట్టు కనిపిస్తుంది, లారీకి అది నిండైన నడక. ఇక బలం. 6.7 కిలోల బండి ఐదుకు ఒకటి చొప్పున లేచే ఎత్తు ఎక్కాలంటే సుమారు 1.34 కిలోల లాగుడు కావాలి. చక్రం వ్యాసార్ధం 3.75 సెంటీమీటర్లు, గుణిస్తే 5 కేజీ సెంటీమీటర్లు, మోటారు తిప్పే బలాన్ని ఇలాగే కొలుస్తారు. రాపిడికి, మొండి గతుకులకు కలిపి రెట్టింపు చేయండి.

కోఠీలో షాపు ముందు నిలబడి "అన్నా, లారీకి మంచి మోటార్ ఇవ్వు" అంటే ఏది మిగిలి ఉందో అది అంటగడతారు. 12 వోల్టులు, 200 ఆర్‌పీఎం, 10 కేజీ సెంటీమీటర్ల గేర్ మోటారు అని అడగండి. దాన్ని నడపడానికి ఎల్298 అనే బోర్డు ఇవ్వబోతే వద్దనండి. ఆ బోర్డు తనలోనే సుమారు 2 వోల్టులు మింగేసి వేడెక్కుతుంది. దాని బదులు బ్రష్‌డ్ మోటార్లకు (ఇలాంటి మామూలు డీసీ మోటార్లకు) పనికొచ్చే ఈఎస్‌సీ, అంటే వేగం నియంత్రించే బోర్డు, తీసుకుంటే రిమోట్ రిసీవర్‌కి నేరుగా కలుపుకోవచ్చు. లిథియం బ్యాటరీ అయితే సెల్లు 3 వోల్టుల కంటే కిందికి దిగకుండా ఆపే బోర్డు ఉండాల్సిందే, ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.

నేను తెచ్చిన ఛాసిస్ ఇదిగో, మోటారు ఇంకా బిగించలేదు. ముందుకొచ్చి చేత్తో మెలితిప్పి చూడండి, కర్ణాలు కొలిచి చూడండి. స్కేలు బల్ల మీదే ఉంది. ఈలోగా ప్రశ్నలు అడగండి.