నూర్ విమానం ఎక్కిన ఊరు: టాంగ్‌మియర్ మ్యూజియం

(తెరపై: ఇంగ్లండ్ దక్షిణ తీరం మ్యాప్)

లండన్ వెళ్లిన మనవాళ్లు ఇంపీరియల్ వార్ మ్యూజియం చూసి వచ్చేస్తారు. ఒక రోజు ఖాళీ దొరికితే చిచెస్టర్ పక్కన ఉన్న టాంగ్‌మియర్‌కి కూడా వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధంలో నూర్ ఇనాయత్ ఖాన్ అనే బ్రిటన్ రహస్య ఏజెంట్ ఫ్రాన్స్‌కి విమానం ఎక్కింది ఇక్కడే. అక్కడి పాత వైమానిక స్థావరంలో 1982లో తెరిచిన మ్యూజియం ఉంది. నడిపేవాళ్లంతా జీతం తీసుకోని వాలంటీర్లే.

(పాత ఫొటోలు: కూలిన హ్యాంగర్లు)

1940 ఆగస్టు 16 మధ్యాహ్నం స్టూకాలనే జర్మన్ బాంబర్ విమానాలు ఈ స్థావరం మీద బాంబులు వేశాయి. ఆ రోజే బిల్లీ ఫిస్క్ అనే అమెరికన్ పైలట్ దెబ్బతిన్న తన హరికేన్ యుద్ధవిమానాన్ని ఇక్కడికే తెచ్చి దించాడు. వింటర్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచినవాడు. కాలిన గాయాలతో మర్నాడే చనిపోయాడు.

లోపల స్పిట్‌ఫైర్ అనే బ్రిటిష్ యుద్ధవిమానం మొదటి నమూనాకి ఫుల్ సైజు ప్రతిరూపం ఉంది. పిల్లలతో వెళ్తే ముందు అక్కడికే లాక్కెళ్తారు. నాకు మాత్రం ఇక్కడి వెన్నెల రాత్రుల కథే ఇష్టం.

(యానిమేషన్: చీకటి పొలం, మూడు టార్చిలైట్లు)

ఫ్రాన్స్‌కి దగ్గర కాబట్టి, రహస్య ఏజెంట్లని అక్కడికి చేరవేసే 161 స్క్వాడ్రన్ (బ్రిటన్ వైమానిక దళంలో ఒక విభాగం) లైసాండర్ విమానాలు పౌర్ణమికి అటూ ఇటూ టాంగ్‌మియర్ వచ్చి ఉండేవి. ఒకటే ఇంజిన్, ఒక్కడే పైలట్. వెన్నెల్లో మెరిసే నదుల్ని మ్యాప్‌తో పోల్చుకుంటూ వెళ్లాలి. ఫ్రాన్స్‌లో ఏదో పొలంలో, నాజీల మీద పోరాడే అక్కడి రహస్య దళం వాళ్లు టార్చిలైట్లు పెట్టి ఉంచేవాళ్లు. దిగి, తెచ్చినవాళ్లని దించి, వెళ్లాల్సినవాళ్లని ఎక్కించుకుని కొన్ని నిమిషాల్లో మళ్లీ గాల్లోకి లేవాలి. ఊహించుకుంటేనే టెన్షన్.

1943 జూన్ 16 రాత్రి అలా వెళ్లిన వాళ్లలో నూర్ ఇనాయత్ ఖాన్ ఉంది. టిప్పు సుల్తాన్ వంశం. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీతకారుడు. హైదరాబాద్‌లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ముందు పాడాడు, సూఫీ దీక్ష తీసుకున్నదీ ఆ ఊళ్లోనే. నాజీల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌కి బ్రిటన్ పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ నూర్. తోటివాళ్లు వరసగా పట్టుబడుతుంటే లండన్ వెనక్కి రమ్మంది. ఆమె రాలేదు, పారిస్ నుంచి సందేశాలు పంపుతూనే ఉంది. చివరికి తనూ పట్టుబడింది. 1944 సెప్టెంబరులో నాజీలు డకౌ నిర్బంధ క్యాంపులో కాల్చి చంపారు. 1949లో బ్రిటన్ ఆమెకి జార్జ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చింది.

(తెరపై: మ్యూజియం గది)

ఇలాంటి చోట బోర్డులు చదివేసి బయటికి రాకండి. అక్కడున్న పెద్దవాళ్లని లైసాండర్ గురించి అడగండి. రైలు టైమ్ మాత్రం ముందే చెప్పండి, లేకపోతే కబుర్లలో మిస్సవుతారు!

చలికాలంలో కొన్ని వారాలు మూసేస్తారు, చూసుకుని బయల్దేరండి. లండన్ విక్టోరియా నుంచి చిచెస్టర్‌కి రైలుంది. ఫిస్క్ సమాధి ఉన్న బాక్స్‌గ్రోవ్ దగ్గరే. అదీ చూడాలనుకుంటే స్టేషన్ నుంచి టాక్సీయే నయం.