ఊపిరితిత్తి చుట్టూ గీత గీసేదెట్లా?

[తెర: కిటికీ వెలుగుకు పట్టుకున్న సీటీ ఫిల్మ్]

నమస్తే. ఇది మా నాయన ఛాతీ స్కాన్, కర్నూల్లోనే తీయించినాం. ఈ రెండు నల్లటి భాగాలు ఊపిరితిత్తులు, మధ్యలో తెల్లటి ముద్ద గుండె. ఫిల్మ్ మీదికి ఎక్కినవి కొన్నే. కంప్యూటర్లో ఇట్లాంటి ముక్కలు వందల్లో ఉంటాయి, ఒక్కోదాంట్లో అడ్డం 512, నిలువు 512 చుక్కలు. ఒక్కో చుక్క ఊపిరితిత్తిదా, గుండెదా, పక్కటెముకదా తేల్చి రంగేయడమే సెగ్మెంటేషన్. చేత్తో చేస్తే గంటలు పడుతుంది.

[తెర: అంకెల కొలబద్ద]

సీటీలో ప్రతి చుక్కకూ ఒక అంకె. నీళ్ళకు 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకు వందల్లో ప్లస్. వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లంటారు. సీటీకిగాను 1979లో నోబెల్ పంచుకున్న ఇంజినీరు పేరది. గాలి నిండిన ఊపిరితిత్తి మైనస్ 800 దగ్గర్లో ఉంటుంది. మరి మైనస్ 400 కంటే దిగువదంతా ఊపిరితిత్తే అనేస్తే పోలేదా?

ఆరోగ్యంగా ఉన్నోళ్ళకు చాలావరకు సరిపోతుంది. న్యుమోనియా ముదిరితే మాత్రం గాలి ఉండాల్సిన చోట నీరూ చీమూ చేరి, అంకె సున్నా దాటుతుంది. ప్రోగ్రాం దాన్ని కండ అనుకుని గీత బయటికి నెట్టేస్తుంది. డాక్టరు చూడాల్సిన చోటే మాయం!

[తెర: కొండారెడ్డి బురుజు]

కాబట్టి చుక్క విలువతో పాటు అది ఉన్న చోటు కూడా తెలియాలి. బురుజెక్కితే ఊరు ఊరంతా కనబడుతుంది, గడప ముందు ముగ్గు కనబడదు. వీధిలో నిలబడితే ముగ్గు కనబడుతుంది, ఊరి రూపు తెలీదు. 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన యూ-నెట్ అనే ప్రోగ్రాం రెండూ చేస్తుంది. బొమ్మను కుదించుకుంటా బురుజెక్కుతుంది. దిగేటప్పుడు, ఎక్కుతా ఒక్కో మెట్టు దగ్గర దాచిపెట్టిన వివరాలను మళ్ళీ కలుపుకుంటుంది.

దాని వంశంలోదే టోటల్‌సెగ్మెంటేటర్ అనే ఇంకో ప్రోగ్రాం. 2023లో స్విట్జర్లాండులోని బాసెల్ వాళ్ళు 1204 స్కాన్లతో తయారుచేసినారు. అప్పట్లో 104 భాగాలు గుర్తుపట్టేది. ఊపిరితిత్తుల లోబులు, అంటే వాటిలోని పెద్ద భాగాలు, కుడివైపు 3, ఎడమవైపు 2 ఉంటాయి కదా, వాటినీ విడివిడిగా చూపిస్తుంది.

[తెర: ఛాతీ గోడకు అంటుకున్న చిన్న గడ్డ]

యంత్రం గీత, డాక్టరు గీత ఎంత కలిసినాయో చెప్పే మార్కు పేరు డైస్. 1 వస్తే అచ్చు గుద్దినట్టు కలిసినట్టు. నాకు ఈ మార్కు మీద కొంచెం అనుమానం. లెక్క చూడండి: ఊపిరితిత్తులు రెండూ కలిపి 4 లీటర్లు. గోడకు అంటుకున్న గడ్డ సెంటీమీటరు వెడల్పు, అంటే సుమారు అర మిల్లీలీటరు. యంత్రం ఆ గడ్డ మొత్తాన్నీ గీత బయట వదిలేసి, మిగతాదంతా తప్పులేకుండా గీసిందనుకోండి. డైస్ 0.9999.

అందుకే ఎవరైనా మార్కు గొప్పగా చూపిస్తే, గోడ పక్క ముక్కలు తీసి చూపించమంటా నేను.