జీతం వేరు, కూడబెట్టింది వేరు

శ్రోతలకు నమస్కారం.

ఈమధ్య మన ఊళ్లలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, "అబ్బాయి అమెరికాలో ఎక్కడ?" అని అడుగుతారు. న్యూజెర్సీ అనో డాలస్ అనో చెప్పగానే, "ప్యాకేజీ ఎంత?" అంటారు. ఆ అంకె చెవిన పడితే చాలు, ఆ ఇంటి స్తోమతంతా తెలిసిపోయినట్టే అనుకుంటాం. నేను డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఏళ్లు ఎకనామిక్స్ చెప్పి రిటైర్ అయ్యాను. ఆదాయం, ఆస్తి రెండూ వేర్వేరని ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి. ఆ తేడా నా మనసుకు బాగా పట్టింది మాత్రం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా అమ్మాయి వాళ్ల వంటింట్లో.

అక్కడ ఫ్రిజ్ తలుపు మీద మ్యాగ్నెట్ కింద ఒక పొడుగాటి కాగితం ఉండేది. దానికి నాలుగు ముక్కలు. ఒక్కో దాని మీద ఒక్కో గడువు: ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు. నేను వెళ్లేసరికి రెండు ముక్కలు చించేసి ఉన్నాయి. "ఇదేంటమ్మా?" అంటే, "ఇంటి పన్ను నాన్నా, మూడు నెలలకోసారి కట్టాలి" అంది. మిగిలిన ముక్క మీద అంకె చూశాను. మూడు వేల డాలర్లకు కాస్త తక్కువ. అంటే ఏడాదికి పదకొండు వేల పైమాట. మా అమ్మాయిది పెద్ద బంగళా ఏమీ కాదు. న్యూజెర్సీలో ఇంటి పన్ను సగటున ఏడాదికి పది వేల డాలర్ల దాకా ఉంటుంది. దేశంలో ఇంతకంటే భారం మరే రాష్ట్రంలోనూ లేదు.

తర్వాత టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్లాను. వాడు ఎయిర్‌పోర్టు నుంచి కారులో తీసుకెళ్తూనే, "మామయ్యా, ఇక్కడ స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు తెలుసా!" అన్నాడు. నిజమే, టెక్సస్‌లో జీతం మీద రాష్ట్ర ప్రభుత్వం పన్ను వేయదు. ఫ్లోరిడా, వాషింగ్టన్, టెనెసీ, నెవాడా రాష్ట్రాల్లోనూ అంతే. "మరి ఇంటి పన్ను ఎంతరా?" అని అడిగాను. వాడు కాసేపు మాట్లాడలేదు. వాడిది ఆరు లక్షల డాలర్ల ఇల్లు. దానికి కట్టేది పది వేల డాలర్లకు అటూ ఇటూ. పైగా మొత్తం ఒకేసారి, జనవరి నెలాఖరులోగా కట్టాలి. ఒక రాష్ట్రం జీతంలోనుంచి తీసుకునేదాన్ని ఇంకో రాష్ట్రం ఇంటిమీదుగా తీసుకుంటోంది. జీతం మీదా ఇంటిమీదా రెండింటి మీదా తీసుకునే న్యూజెర్సీ లాంటివీ ఉన్నాయి.

ఆ రోజుల్లోనే వాడికి కాలిఫోర్నియా నుంచి ఒక ఆఫర్ వచ్చింది. ఇప్పటి జీతం కంటే నలభై శాతం ఎక్కువ. "వెళ్లనా మామయ్యా?" అని అడిగాడు. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని లెక్కలేసుకున్నాం. ఆ లెక్కలే మీకూ చెబుతాను.

ముందు ఆదాయం. అమెరికా జనగణన శాఖ ఏటా ఒక పెద్ద సర్వే చేసి, ప్రతి రాష్ట్రంలో మధ్యస్థ కుటుంబ ఆదాయం ఎంతో చెబుతుంది. మధ్యస్థం అంటే, రాష్ట్రంలోని ఇళ్లన్నిటినీ తక్కువ ఆదాయం నుంచి ఎక్కువ ఆదాయం దాకా వరుసగా నిలబెడితే సరిగ్గా నడిమధ్యన నిలిచే ఇంటి ఆదాయం. సగటు వేరు. ఊళ్లో తొమ్మిది కూలీ ఇళ్లు, ఒక రైస్ మిల్లు యజమాని ఇల్లు ఉంటే, సగటు తీసినప్పుడు అందరూ ధనవంతుల్లాగే కనబడతారు. అందుకే నడిమి ఇంటిని చూడాలి. 2023లో దేశం మొత్తానికి ఆ అంకె దాదాపు 77,700 డాలర్లు. రాష్ట్రాల్లో మసాచుసెట్స్, న్యూజెర్సీ ముందున్నాయి, రెండూ లక్షకు కాస్త తక్కువగా. కాలిఫోర్నియా 95,500 దగ్గర ఉంది. అన్నిటికంటే కింద మిసిసిపి, సుమారు 54,200.

ఈ పట్టిక ఒక్కటే చూస్తే మిసిసిపిలో బతకడమే కష్టం, కాలిఫోర్నియాలో అంతా సుఖం అనిపిస్తుంది. కానీ డాలర్ అన్ని చోట్లా ఒకేలా ఖర్చవదు. దేశం మొత్తం ధరలను 100 అనుకుంటే కాలిఫోర్నియా 112, 113 దగ్గర ఉంటుంది, మిసిసిపి 87 దగ్గర. ధరల తేడా తీసేసి లెక్కగడితే రెండు రాష్ట్రాల మధ్య 41 వేల డాలర్ల అంతరం కాస్తా ఇంచుమించు సగానికి దిగిపోతుంది. ప్రధానంగా ఈ తేడా తెచ్చేది ఇల్లు. కాలిఫోర్నియాలో మధ్యస్థ ఇంటి విలువ ఏడు లక్షల డాలర్ల పైన, మిసిసిపిలో లక్షా అరవై వేల దగ్గర. అద్దెలను, పన్నులను, ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని కూడా కలిపి పేదరికాన్ని కొలిచే ఇంకో లెక్క ఉంది. ఆ కొలత ప్రకారం పేదరికం అన్నిటికంటే ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో కాలిఫోర్నియా ఒకటి. యాపిల్, గూగుల్ ఉన్న రాష్ట్రంలో! నాకు ఈ విషయం తెలిసిన రోజు చాలా బాధ కలిగింది.

ఇక ఆస్తి సంగతి. ఆదాయం అంటే చెరువులోకి కాలువ ద్వారా వచ్చే నీరు. ఆస్తి అంటే చెరువులో నిలిచిన నీరు. కాలువ ఎంత ఉధృతంగా పారినా, తూము తెరిచి ఉంటే చెరువు నిండదు. ఇల్లు, పొదుపు, షేర్లు, రిటైర్‌మెంట్ ఖాతా అన్నీ కలిపి, అందులోంచి అప్పులు తీసేస్తే మిగిలేదే కుటుంబ ఆస్తి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మూడేళ్లకోసారి దీని మీద సర్వే చేస్తుంది. 2022లో మధ్యస్థ కుటుంబ ఆస్తి 1,92,900 డాలర్లు. సగటు మాత్రం పది లక్షలు దాటింది. రైస్ మిల్లు యజమాని ఇల్లు ఇక్కడ ఎంత పెద్దదో చూడండి.

అదే సర్వేలో నన్ను కట్టిపడేసిన అంకెలు రెండున్నాయి. సొంత ఇల్లున్న కుటుంబాల మధ్యస్థ ఆస్తి 3,96,200 డాలర్లు. అద్దె ఇళ్లలో ఉన్నవారిది 10,400. అద్దెకుండేవాళ్లలో ఎక్కువమంది వయసులో చిన్నవాళ్లు, ఆదాయం తక్కువవాళ్లు కాబట్టి తేడా అంతా ఇంటివల్లేనని చెప్పలేం. అయినా ఇంత దూరమా!

ఇప్పుడు వెస్ట్ వర్జీనియా చూడండి. బొగ్గు గనుల రాష్ట్రం. ఆదాయంలో మిసిసిపికి ఒక్క మెట్టు పైన ఉంటుంది. కానీ అక్కడ ప్రతి నాలుగు కుటుంబాల్లో మూడింటికి సొంత ఇల్లుంది. దేశంలో అంతకంటే ఎక్కువ ఇంకెక్కడా ఉండదనే చెప్పాలి. కాలిఫోర్నియాలో అది సగానికి కాస్త పైన. అయితే వెస్ట్ వర్జీనియాలో ఇల్లు అమ్మితే వచ్చే డబ్బుతో కాలిఫోర్నియాలో డౌన్ పేమెంట్ కట్టడమే గొప్ప. ఇల్లుంటే సరిపోదు, ఆ ఇల్లు ఎక్కడుందో కూడా చూడాలి.

ఎప్పుడు కొన్నారన్నదీ చూడాలి. కాలిఫోర్నియాలో 1978లో ప్రజలు ఓటేసి ఒక చట్టం తెచ్చుకున్నారు. ప్రపోజిషన్ 13 అంటారు. ఇంటి పన్ను మూల రేటు ఒక శాతం మించకూడదు. పన్ను కోసం లెక్కగట్టే విలువ ఏడాదికి రెండు శాతం కంటే పెరగకూడదు, ఇల్లు చేతులు మారేదాకా. ఫ్రీమాంట్‌లో పక్కపక్కన ఒకేలాంటి రెండు ఇళ్లున్నాయనుకుందాం. ఒకాయన 1985లో లక్షన్నర డాలర్లకు కొన్నాడు. ఇప్పటికీ ఆయన పన్ను మూడు వేల మూడొందలకు అటూ ఇటూ. పక్కింటిని ఒక తెలుగు జంట మొన్న పదిహేను లక్షలకు కొన్నారు. వాళ్లకు పదిహేను వేలు, దానికి తోడు స్థానిక పన్నులు. జీతాలు చూస్తే తెలుగు జంటే ధనవంతులు. ఆస్తి చూస్తే వీళ్లు ఆ పెద్దాయనకు అడుగుదూరంలో కూడా నిలబడలేరు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ఆయన ముందొచ్చాడు, వీళ్లు తర్వాత వచ్చారు. పైగా మనవాళ్లలో చాలామంది చదువు అప్పుతో మొదలుపెడతారు. గ్రీన్ కార్డు కోసం ఏళ్ల తరబడి క్యూలో ఉంటారు, ఇల్లు కొనాలంటేనే టెన్షన్. జీతం పెద్దదైనా చెరువు నిండడానికి ఆలస్యం అవుతుంది.

మా మేనల్లుడు కాగితం మీద ఇవన్నీ వేసుకున్నాక, నలభై శాతంలో చేతిలో మిగిలేది ఏమీ లేదని తేలింది. వాడు ఫ్రిస్కోలోనే ఉండిపోయాడు.

ఇప్పటిదాకా చెప్పినవి ఇప్పటి లెక్కలు. కానీ మిసిసిపి పట్టికలో అన్నిటికంటే అడుగున ఎందుకుందో ఇవి చెప్పవు. దానికి వెనక్కి వెళ్లాలి. అమెరికా జనగణనలో ఆదాయం ఎంతని మొదటిసారి అడిగింది 1940లో. ఆస్తి గురించి మాత్రం అంతకు చాలాముందే, 1860 నాటికే అడిగేవారు. ఎన్యూమరేటర్ ఇంటింటికీ వెళ్లి, భూముల విలువ ఒక గడిలో, మిగతా సొత్తు విలువ ఇంకో గడిలో రాసుకునేవాడు. ఆ లెక్కల్లో తెల్లవారి తలసరి ఆస్తి చూస్తే దేశంలో ముందు వరుసలో నిలిచిన రాష్ట్రాల్లో మిసిసిపి ఒకటి. అవును, ఇప్పుడు అట్టడుగున ఉన్న మిసిసిపే. ఎందుకంటే ఆ "మిగతా సొత్తు" గడిలో మనుషులు ఉన్నారు. రాష్ట్రంలో ఉన్న 7,91,000 మందిలో 4,36,000 మంది బానిసలు. పత్తి పొలాల్లో వాళ్లు చేసిన పనీ వాళ్లదు కాదు, వాళ్ల ఒళ్లూ వాళ్లది కాదు. రెండూ యజమాని ఆస్తి లెక్కలోకే వెళ్లాయి.

అంతర్యుద్ధం అయ్యాక స్వేచ్ఛ వచ్చింది, భూమి రాలేదు. అదే పొలంలో పంటలో సగానికి సేద్యం చేశారు. విత్తనాలు, తిండిగింజలు దొర దుకాణంలోనే అప్పు తెచ్చుకోవాలి, పంట చేతికొచ్చాక ఆయనే లెక్క చూస్తాడు. ఆసామి దగ్గర అప్పుపడి కళ్లంలోనే ధాన్యం వదిలేసి వచ్చిన తాతల కథలు విన్నవాళ్లకు దీన్ని నేను విడమరచి చెప్పనక్కర్లేదు.

1944లో యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు ఇళ్లు, పొలాలు, వ్యాపారాల కోసం ప్రభుత్వ హామీతో అప్పులిప్పించే చట్టం వచ్చింది. అమెరికాలో మధ్యతరగతి సొంత ఇంటివారు కావడానికి ఆ చట్టం ఎంతగానో తోడ్పడింది. 1947 నాటి ఒక సర్వే ప్రకారం మిసిసిపిలోని పదమూడు నగరాల్లో అలాంటి అప్పులు 3,229 ఇచ్చారు. అప్పటికి రాష్ట్ర జనాభాలో దాదాపు సగం నల్లజాతివారు. ఆ 3,229లో నల్లజాతి సైనికులకు దక్కినవి రెండు.

ఆ రోజు అప్పు దొరికినవాళ్ల ఇల్లు పిల్లలకు వచ్చింది, దాన్ని తాకట్టు పెట్టి చదివించారు, అమ్మి వ్యాపారం పెట్టారు. దొరకనివాళ్ల పిల్లలు అద్దె ఇంటితోనే మొదలుపెట్టారు. 2022 సర్వేలో తెల్లజాతి కుటుంబం మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. నల్లజాతివారి వాటా అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువగా, దాదాపు 38 శాతం ఉన్నది మిసిసిపిలోనే. కనీస వేతనానికి సొంత చట్టం కూడా ఆ రాష్ట్రంలో లేదు. కేంద్రం 2009 నుంచి అమలు చేస్తున్న గంటకు 7.25 డాలర్లే అక్కడ ఆధారం.

1860 నాటి జనగణన పుస్తకాలు ఇప్పుడు ఎవరైనా తెరిచి చూడొచ్చు. కంప్యూటర్‌లో మా అమ్మాయి ఒక పేజీ తీసి చూపించింది. యజమాని పేరు, పక్కన ఆస్తి విలువ, సిరాతో చక్కటి దస్తూరీలో రాసి ఉంది. బానిసల జాబితా వేరే పుస్తకంలో ఉంది. అందులో కూడా పేరు యజమానిదే. దాని కింద వరుసగా వాళ్ల వయసు, ఆడా మగా, ఒంటి రంగు రాశారు. ఎవరి పేరూ రాయలేదు.